ఒక రొట్టె ఎక్కువ

ఆ కథ చివరి పుట రెండు దినాలు మా దేవుని గూట్లోనే ఉండిపోయింది. కుంకుమ భరిణె కింద, మడత విప్పకుండా.

తెచ్చిచ్చిన పిల్ల కాలేజీలో పాఠాలు చెప్తుంది. అనంతపురం నుంచి బస్సులో వచ్చింది. మా వైపు ఒకప్పుడు వింత కథలు రాసిన ఒకాయన మీద పుస్తకం తయారు చేస్తోందట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కథలు అచ్చయిన పత్రికలు ఎక్కడా సరిగా దొరకలేదు. ఆయన బంధువుల ఇంట్లో అటక మీద ఒక నోటుపుస్తకం మాత్రం దొరికింది. అందులో ఒక కథను ఆయనే చేత్తో తిరిగి రాసుకుని, మొదట్లో "ధర్మవరం మగ్గం ఇంటి పాప తెచ్చిన కాగితాల నుంచి" అని గుర్తు పెట్టుకున్నాడు. మా నాయన పేరూ, వీధి పేరూ కూడా ఉన్నాయట. ఆ ముక్క పట్టుకుని, నలుగుర్ని అడిగి, ఆ పాపను వెదుక్కుంటూ వచ్చింది. పాపకు ఇప్పుడు మనవళ్ళు.

"ఆయన కథల్లో మనుషులకు పేర్లే ఉండవమ్మా. గొల్లవాడు, ముసలామె, కరణం, అంతే. ఈ ఒక్క కథలో, అదీ చివరి పుటలో, ఒక పేరుంది. ఎవరో మీకేమైనా తెలుసా?" అని అడిగి, ఆ పేరు చదివింది.

తెలుసు. అయినా "రెండు దినాలు ఆగి చెప్తా తల్లీ" అన్నాను. ఆ పుట జిరాక్సు కాపీ నా చేతిలో పెట్టి, కాఫీ తాగి, బస్సుకు వెళ్ళిపోయింది.

చదవడానికి నాకు భయం వేసింది. ఎందుకంటే ఆ కథకు ఒకసారి నేనే ఒక ముగింపు కట్టాను. పదకొండేళ్ళ వయసులో, ఒక ముసలామె ముందు కూర్చుని, కాగితంలో ఉన్నట్టే చదివాను. ఆ అబద్ధం ఆ పుటలోకి ఎక్కిందేమోనని భయం. ఎక్కకుండా ఇంకేదో ఉంటే అదేమిటోనని ఇంకో భయం.

మా ఇంట్లో నడిమింటి నిండా మగ్గమే. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంటలో నుంచి తడిమట్టి వాసన, దాని మీద పట్టు వాసన. పట్టు చీర కట్టుకునేవాళ్ళకు ఆ వాసన తెలియదు. ఉడికిన పురుగు వాసన కొంచెం, గంజి వాసన కొంచెం కలిసి ఉంటుంది. మేము ఆ వాసనలోనే తిన్నాం, పడుకున్నాం, పూజ చేసుకున్నాం. ఈ రోజుకీ కొత్త చీర విప్పితే నాకు ముందు ఆకలి వేస్తుంది. పొద్దున్నే అమ్మ రోట్లో ఊరుబిండి పచ్చడి నూరే వేళకు నేను దారం కండెలు చుడుతూ ఉండేదాన్ని. ఆ రెండు వాసనలూ ఒకటిగా కలిసిపోయాయి.

కండెలు చుట్టే చేతులు కావాలి కాబట్టి నన్ను బడికి పంపలేదు. దాని గురించి నాకు బాధ లేదు. నాయన మగ్గం మీద నుంచే చదువు చెప్పాడు. పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడె కుడికి పోతే ఒక అక్షరం, ఎడమకు వస్తే ఇంకొకటి. తప్పు చెప్తే మగ్గం ఆగేది. మగ్గం ఆగితే అమ్మ వంటింట్లో నుంచి "ఏమైందీ?" అని అరిచేది. ఆ అరుపుకు భయపడే గుణింతాలన్నీ వచ్చేశాయి. మొదట చదివింది భజన పుస్తకం. దేవుడు నాకు బడి ఇవ్వలేదు గానీ మా నాయనను ఇచ్చాడు. అది చాలు.

అవ్వ, అంటే నాయన తల్లి, కళ్ళు దాదాపు పోయిన మనిషి. వెలుతురు ఎటు ఉందో మాత్రం తెలిసేది. అయినా ఆ వీధిలో పడుగు, అంటే నిలువు పోగులు, అతకాలంటే ఆమెనే పిలిచేవాళ్ళు. మగ్గం మీద పడుగు అయిపోతే పాత పోగుల కొనలను అట్లాగే ఉంచి, కొత్త పడుగు కొనలను వాటికి ఒక్కొక్కటిగా కలపాలి. వేల పోగులు. వేలికి బూడిద అద్దుకుని, రెండు కొనలూ కలిపి నులిమితే ముడి లేకుండా అతుక్కుంటాయి. "అతుకు కంటికి కనపడకూడదు, వేలికి మాత్రం తెలియాల" అనేది అవ్వ. ఆమె బొటనవేలు నున్నగా, నదిలో రాయిలాగా ఉండేది. తాను తల్లి కడుపులో ఉన్న నాటి నుంచీ ఆ మగ్గం మీద ఏ చీరా కొత్తగా మొదలు కాలేదని నాయన నవ్వుతూ చెప్పేవాడు. ప్రతి చీరా వెనకటి చీరకు అతికిందే.

ఆమె అతుకుతూ ఉంటే పక్కన కూర్చుని చదివి వినిపించడం నా పని.

చదవడానికి కాగితాలు సావుకారు అంగడి నుంచి వచ్చేవి. నేసిన చీర మడతల్లో పెట్టడానికి ఆయన కాగితాల కట్ట ఇచ్చేవాడు. అచ్చు ఉన్న కాగితం పట్టుకు తగిలితే సిరా అంటుకుంటుంది. అందుకని నాయన తెల్ల కాగితాలు ఏరుకుని, అచ్చు కాగితాలను పొయ్యి అంటించడానికి బుట్టలో వేసేవాడు. నేను ఆ బుట్టలో నుంచి దొంగిలించి, కండెల గంప అడుగున దాచుకునేదాన్ని. పొయ్యి అంటక అమ్మ తిట్టుకుంటూ ఉంటే నోరు మెదపకుండా రాట్నం తిప్పేదాన్ని.

అట్లా దొరికినవే ఆయన కథలు. అప్పటికే అవి ఇరవై ఏళ్ళ నాటి పత్రికలు, అంచులు పసుపురంగు తిరిగినవి. ఒక కథలో ఒకడి నీడ అలిగి పుట్టింటికి పోతుంది. ఇంకొక కథలో ఒక ఊళ్ళో కొండ ముందు మాట్లాడుతుంది, ఆ తర్వాతే మనుషులు అదే మాట అనాల్సి వస్తుంది.

"నీడకు పుట్టిల్లు యాడుంటాదే?" అనేది అవ్వ.

"కథలో ఉండాది అవ్వా."

"వీడెవుడో మగ్గం లేని మనిషి. పొద్దు పోక రాసినాడు. సరే, చదువు."

చెరువు కథ దొరికింది వానలు లేని ఏడాదే. మాకు వానలున్న ఏడాదులు తక్కువ కాబట్టి గుర్తుపెట్టుకోవడానికి అదొక గుర్తు కాదు. సేద్యం వాళ్ళ చెనిక్కాయ చేలు ఎండి, కూలికి కర్ణాటక దిక్కు పోతున్నారు. మా ఇంట్లో జొన్నపిండి చూసి చూసి కలిపే కాలం.

ఆ కథలో కరువు వచ్చి చెరువు ఎండిపోదు. ఒక తెల్లవారుజామున లేచి నడిచి వెళ్ళిపోతుంది. కట్టతో, తూముతో, కొంగలతో సహా. ఊరివాళ్ళు బిందెలతో వచ్చి చూస్తే చదును నేల. ఒక పడుచు పిల్లవాడు, చెరువును నేను మళ్ళించుకొస్తానని, ఇంట్లోని నాలుగు పశువులను తోలుకుని, ఒక రొట్టె మూట కట్టుకుని పడమరగా బయలుదేరతాడు. ప్రతి ఊళ్ళో "మా చెరువు ఇట్ల పోయిందా?" అని అడుగుతాడు. "నిన్ననే పోయిందప్పా" అంటారు. చివరికి ఒక మిట్టమధ్యాహ్నం, రాళ్ళ మధ్య కట్టను తలకింద పెట్టుకుని నిద్రపోతున్న చెరువు వాడికి కనిపిస్తుంది. వాడు దాన్ని పేరు పెట్టి పిలుస్తాడు. చెరువు కన్ను తెరిచి...

అంతే. తరువాతి పుట లేదు. ఎవరి పొయ్యిలో కాలిపోయిందో.

చదవడం ఆపి చూస్తే, అవ్వ వేళ్ళ మధ్య పోగు అట్లాగే ఉంది. నులమడం ఆపేసింది.

"నాలుగు పశువులని ఉండాదా?"

"ఉండాది."

"పడమరకా?"

"ఆఁ."

"మా తమ్ముడు అట్లనే పోయినాడు" అంది అవ్వ.

అవ్వకు తమ్ముడున్నాడని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె పుట్టిల్లు విడపనకల్లు దిక్కు. గంజి కేంద్రాలు పెట్టిన పెద్ద కరువులో, ఆ పిల్లవాడు మేత కోసం పశువులను తోలుకుని పడమరకు పోయి, తిరిగి రాలేదు. పశువులూ రాలేదు.

"చదువు పాపా. చెరువు కన్ను తెరిచి?"

లేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. చేతిలోని కాగితాన్నే చూస్తూ, చదివే గొంతుతోనే కట్టేశాను: చెరువు కన్ను తెరిచి వాణ్ణి గుర్తుపట్టింది. లేచి లేగదూడ మాదిరిగా వాని వెంట నడిచింది. శ్రావణ మాసంలో, ఒక శుక్రవారం, వాడు ముందు, పశువులు వెనక, చెరువు అన్నిటికంటే వెనక, ఊళ్ళోకి వచ్చారు.

అవ్వ "ఇంగొకసారి చదువు ఆ కొన" అంది.

మళ్ళీ చదివాను. ఆమె పోగు నులిమి, తరువాతి పోగు అందుకుంది.

మర్నాటి సాయంత్రం అమ్మ రొట్టెలు కొడుతుంటే, అవ్వ గోడ పట్టుకుని వంటింటి గడప దాకా వచ్చింది. "ఒక రొట్టె ఎక్కువ కాల్చు" అంది.

"ఎవురికి అత్తా?"

"మా తమ్మునికి."

అమ్మకు కోపం వస్తే పిండి ఇంకా గట్టిగా కొట్టేది. "ఉన్నోళ్ళకే చాలక సస్తాంటే లేనోనికి రొట్టెనా?" అని పిండితో అంది. అయినా కాల్చింది. అత్త మాట కాదనే ధైర్యం ఉన్న మనిషి కాదు.

అప్పటి నుంచి రోజూ అదే. రొట్టె మీద రొంత ఊరుబిండి వేసుకుని, అవ్వ వాకిట్లో అరుగు మీద కూర్చునేది. దీపం పెట్టే వేళ లోపల మా వీధిలో ఎవరు పోతే వాళ్ళను పిలిచేది. ఒకరోజు దాసరి, ఒకరోజు కుండలమ్మే ఆమె, ఒకరోజు తాడిపత్రి బండలు దించి పోతున్న లారీ మనిషి. "ఇది మా తమ్మునిది. వాడు వచ్చేదాకా నువ్వు తినప్పా" అనేది. పేరు చెప్పేది. తినేదాకా కూర్చోబెట్టి వాని సంగతి ఒకటి చెప్పేది. ఈత రాదని, గేదె తోక పట్టుకుని కుంట దాటేవాడట. కజ్జికాయలో పూర్ణం తినేసి, పై పొర మూసి యథాప్రకారం డబ్బాలో పెట్టేవాడట. తినేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎవరూ రాని రోజు ఆ రొట్టె నాకు. ఆ రోజు సంగతి నేనే వినాలి.

వీధి వీధంతా తెలిసిపోయింది. "ఏమప్పా, మీ మామ వస్తాండాడంట గదా శ్రావణానికి?" అని నాయనను అంగడి దగ్గర ఆటపట్టించారు. ఆషాఢం వచ్చేసింది. నేను హారతి కళ్ళకు అద్దుకోవడం మానేశాను. అబద్ధం పెట్టుకుని ఆ వేడి ఎట్లా అద్దుకునేది? శ్రావణం వస్తుంది, శుక్రవారాలు నాలుగూ అయిపోతాయి, అరుగు మీద అవ్వ అట్లాగే కూర్చుని ఉంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఊహించుకుంటే కండె చేతిలో నుంచి జారిపోయేది.

ఒక మధ్యాహ్నం గుంట దగ్గర కూర్చుని నాయనకు చెప్పేశాను. నాయన మగ్గం ఆపాడు. అమ్మ "ఏమైందీ?" అని అరిచింది. "ఏం లేదులే" అన్నాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు.

"రాసినోడు బతికి ఉంటే, అసలు కొన ఏందో ఆయన్నే అడుగుదాం" అన్నాడు.

సావుకారుకు తెలుసు ఆయన. బుక్కరాయసముద్రంలో ఉంటాడని చెప్పాడు. నాయన ఒక దినం పని మానుకున్నాడు. మగ్గం బాగుండి కూడా నాయన పని మానిన దినం నా ఎరుకలో అదొక్కటే. బస్సు దిగి, అనంతపురంలో ఉగ్గాని బజ్జీ తిని, ఇంకో బస్సెక్కి వెళ్ళాం.

చెరువు ఎదురుగానే ఇల్లు. చెరువులో నీళ్ళు అడుగున ఎక్కడో ఉన్నాయి. ఆయన బనియన్‌తో, కళ్ళద్దాలకు దారం కట్టుకుని, చేటలో చింతపండు గింజలు తీస్తూ ఉన్నాడు. పెరట్లో ఒక రాగి గరాటు నేలలో పాతి ఉంది.

"అదేంది సామీ?" అన్నాడు నాయన.

"వాన కొలిచేది. గవర్నమెంటులో నా పని అదేనప్పా. దినామూ ఎనిమిదిన్నరకు చూసి, ఎంత పడిందో పుస్తకంలో రాయల్ల. ఈ సీమలో ఏం పడుతుంది? ముప్పై ఏండ్లు సున్నాలు రాసినా. రాసీ రాసీ విసుగు పుట్టి, మిగతా పొద్దు కథలు రాసినా. అవి కూడా ఎవురూ చదవలేదనుకో."

"మా అవ్వ వినింది" అన్నాను.

ఆయన చేట పక్కన పెట్టాడు. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన దగ్గర ఒక్క పత్రికా లేదట. చెదలు తిన్నంత తిని, మిగిలినవి ఇల్లు మారినప్పుడు పోయాయట. "నువ్వు చదువు, విందాం" అన్నాడు. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. చెరువు నిద్రపోయే చోట తల ఊపాడు.

"బాగానే రాసినాడే ఎవుడో" అన్నాడు.

"మీరే సామీ" అన్నాడు నాయన.

"నేనే. కానీ కొన గుర్తు లేదప్పా. ఒట్టు. ఇరవై ఏండ్ల కిందటి మాట." నా వైపు తిరిగాడు. "నువ్వేం చెప్పినావు పాపా?"

చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బాగుందనీ అనలేదు. "ఆ పెద్దామెకు నువ్వు అబద్ధం చెప్పినావని పోయి చెప్పల్ల. నేను రాసినదాన్ని నమ్మింది కాబట్టి నేనూ చెప్పల్ల. ఇద్దరమూ చెప్దాం" అన్నాడు. చొక్కా తొడుక్కుని, ఆ కాగితాలు జేబులో పెట్టుకుని, ఆ బస్సుకే మా వెంట వచ్చేశాడు.

మేము వచ్చేసరికి సాయంత్రం రొట్టె అరుగు మీదికి వచ్చి ఉంది. అవ్వ అడుగుల చప్పుడు విని, "ఎవురో కొత్త మనిషి. రా అప్పా, కూర్చో. ఇది మా తమ్మునిది" అని మొదలుపెట్టింది.

ఆయన కూర్చున్నాడు గానీ రొట్టె ముట్టుకోలేదు. "అక్కా, ఆ చెరువు కథ రాసింది నేనే. మీ తమ్ముణ్ణి నేను యాడా చూడలేదు. అది నేను అల్లిన కథ. నీ మనసు నొప్పించి ఉంటే క్షమించు."

నేను అవ్వ మోకాళ్ళ దగ్గర కూర్చుని, "ఆ కొన కాగితంలో లేదవ్వా. నేనే చెప్పినా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

అవ్వ నా తల తడిమింది. "తెలుసులేమ్మే" అంది.

వంటింట్లో అమ్మ చేతి చప్పుడు ఆగింది.

"మొదటిసారి శుక్రవారం అన్నావు. రెండోసారి శనివారం వచ్చినాడని చదివినావు. అచ్చులో ఉండే వారం మారుతాదా? అదిగాక, అంతవరకూ చదివిన గొంతు వేరే, ఆ కొన గొంతు వేరే. అతుకు నాకు అప్పుడే తగిలింది."

"మరి ఈ రొట్టె ఎందుకమ్మా?" అన్నాడు నాయన.

"చెప్తా విను. పెద్దల అమావాస్యకు చచ్చిపోయినోళ్ళ పేర్లు చెప్పి అన్నం పెడతాం. వాని పేరు చెప్పనీయలేదు మా అమ్మ, బతికే ఉంటాడని. పండగలకు బతికినోళ్ళకు ఆకు వేస్తాం. వానికి వేయలేదు, లేడు గదా అని. చచ్చినోళ్ళలోనూ లేడు, బతికినోళ్ళలోనూ లేడు. ఇంగ వాని పేరు ఎప్పుడు ఎత్తల్ల? ముప్పై ఏండ్లకు పైగా నా నోట్లోనే ఉండిపోయింది. నువ్వు, నా కొడుకువి, నీకు తెలుసునా వాని పేరు?"

నాయన తల వంచుకున్నాడు.

"ఈ పాప కథ చదివినాక దినామూ ఎవురికో ఒకరికి చెప్తాండా. లారీ మనిషి కూడా వాని పేరు పలికి పోయినాడు. వాడు రాడులే. శ్రావణానికీ రాడు, దేనికీ రాడు. అంత తెలీని దాన్నా నేను?" ఆమె రొట్టె ఆయన వైపు జరిపింది. "తినప్పా. చల్లారితే జొన్నరొట్టె తోలు అయితాది."

ఆయన తిన్నాడు. తింటూ, "పేరేం చెప్పినావు అక్కా?" అన్నాడు. అవ్వ చెప్పింది. జేబులో నుంచి చిన్న పెన్సిలు తీసి, నేను తెచ్చిన కాగితం అంచున రాసుకున్నాడు. కజ్జికాయ సంగతి విని పొలమారేంతగా నవ్వాడు. ఆ కాగితాలు తిరిగి రాసుకుని పంపిస్తానని తీసుకుపోయాడు. పంపలేదు. మేమూ అడగలేదు.

అమ్మ ఆ తర్వాత పిండిని కోపంగా కొట్టడం నేను వినలేదు. అవ్వ ఉన్నంతకాలం రొట్టె కాల్చింది. అవ్వ పోయిన ఏడాది పెద్దల అమావాస్యకు, నాయన అవ్వ పేరు చెప్పి, ఆ పక్కనే ఇంకొక పేరు కూడా చెప్పాడు. అక్క ఉండగా బతికే ఉన్నాడు, అక్కతోనే పోయాడనుకుందాం అన్నాడు. ఆ తర్వాత రొట్టె ఆగిపోయింది. నాకు పెళ్ళయింది, చేతి మగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వచ్చాయి, పోగులు అతికే వేళ్ళు వీధిలో కరువయ్యాయి. అవ్వ నాకు ఇచ్చినదానికి ప్రతి పొద్దూ దండం పెట్టుకుంటాను గానీ, ఆ పేరు మాత్రం చాలా ఏళ్ళుగా నేనూ ఎత్తలేదు. ఆ పిల్ల వచ్చి చదివేదాకా.

మూడో దినం పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, కాగితం మడత విప్పాను. చెరువు కన్ను తెరిచే దగ్గర నుంచి ఆయన చేతిరాత. నా లేగదూడ అందులో లేదు. నా శ్రావణ శుక్రవారమూ లేదు. ఆ పిల్లవాడికి అవ్వ తమ్ముడి పేరు పెట్టాడు, పెట్టి ఇట్లా ముగించాడు: వాడు తిరిగి వచ్చాడో లేదో ఈ కథ రాసినవానికి తెలియదు. ఒక ఇంట్లో మాత్రం రోజూ ఒక రొట్టె ఎక్కువ కాలుస్తారు.

కాగితం కళ్ళకు అద్దుకున్నాను. ఆ పిల్లకు ఫోను చేసి, ఆ పేరు మా అవ్వ తమ్ముడిదని చెప్పాను. గేదె తోక సంగతి, కజ్జికాయల సంగతి కూడా చెప్పాను. ఆమె అన్నీ రాసుకుంది. నాలుగు దినాల తర్వాత తనే ఫోను చేసింది.

"అమ్మా, పుస్తకంలో కింద వివరం వేయాలి. రోజూ ఒక రొట్టె ఎక్కువ కాల్చే ఇల్లు ఎవరిది?"

"మాదే తల్లీ."

"ఇప్పటికీ కాలుస్తారా?"

"నాలుగు దినాలుగా" అన్నాను.